కోర్సు పూర్తయింది, ఆట మాత్రం రాలేదు

ప్రశ్న: నా వయసు 46. చిన్నప్పుడు మా తాతగారితో అరుగు మీద చదరంగం ఆడేదాన్ని. 2024 డిసెంబరులో కోనేరు హంపి న్యూయార్క్‌లో రెండోసారి ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చదరంగం) విజేతగా నిలిచిన వార్త చదివాక మళ్లీ ఆడాలనిపించింది. ఒక ఆన్‌లైన్ వేదికలో తగ్గింపు ధరకు వస్తోందని, నల్లపావులతో ఆట ఆరంభించే పద్ధతుల కోర్సు కొన్నాను. మూడు నెలల్లో వీడియోలన్నీ చూసి, చెప్పిన ఎత్తులన్నీ వల్లె వేశాను. కోర్సు నూరు శాతం పూర్తయినట్టు చూపిస్తోంది గానీ, ఆడితే పది ఎత్తుల్లోపే ఓడిపోతున్నాను. నిన్నటి ఆట రాసి పంపుతున్నాను. ఇంకో కోర్సు కొనమంటారా, ఈ వయసులో నాకు రాదని వదిలేయమంటారా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రెండూ వద్దు. మీరు పంపిన ఆట నాలుగు ఎత్తుల్లోనే ముగిసింది కనుక ముందు దాన్నే చూద్దాం. వీలైతే బల్ల మీద పావులు పేర్చుకొని చదవండి. తెల్లపావులతో ఆడినవారు రాజు ముందున్న బంటును ఇ4కు (ఇ అనే నిలువు వరుసలో నాలుగో గడికి) జరిపారు, మీరు ఇ5కు జరిపారు. వారు శకటును సి4కు తెచ్చారు, మీరు గుర్రాన్ని సి6కు తెచ్చారు. ఇంతవరకు ఏ తప్పూ లేదు. అప్పుడు వారు మంత్రిని హెచ్5కు తీసుకురాగా, మీరు రెండో గుర్రాన్ని ఎఫ్6లో పెట్టారు. వెంటనే మంత్రి ఎఫ్7లోని బంటును చంపి ఆటకట్టు చెప్పింది. వెనుక సి4 నుంచి శకటు కాపు కాస్తోంది కనుక మీ రాజు ఆ మంత్రిని చంపలేడు.

ఆ గుర్రాన్ని మీరు ఎందుకు కదిపారో ఊహించగలను. మీ కోర్సులో తెల్లవారు రెండో ఎత్తుకు గుర్రాన్ని ఎఫ్3కు, మూడో ఎత్తుకు శకటును సి4కు తెస్తారు, అప్పుడు గుర్రాన్ని ఎఫ్6లో పెట్టడం చక్కని జవాబే. అయితే అక్కడ తెల్ల గుర్రం ఎఫ్3లో నిలబడి తన మంత్రి హెచ్5కు వెళ్లే దారిని తానే మూసేస్తుంది. మీ ప్రత్యర్థి ఆ గుర్రాన్ని కదపనే లేదు; దారి తెరిచి ఉంది, ఎఫ్7కు రాజు తప్ప వేరే కాపలా లేదు. ఎదుటివారి ఎత్తు మారినా మీ చేయి మాత్రం వల్లించిన ఎత్తునే వేసింది. ఆ క్షణంలో జి7 బంటును ఒక్క గడి ముందుకు జరిపితే మంత్రి వెనక్కి తగ్గక తప్పదు. అది ఎఫ్3కు వెళ్లి మళ్లీ ఎఫ్7 మీదే కన్నేస్తే, అప్పుడు అదే గుర్రాన్ని అదే ఎఫ్6 గడిలో పెట్టడం సరైన ఎత్తు అవుతుంది. తేడా అంతా ఒక్క ఎత్తులోనే ఉంది.

కాబట్టి మీరు కొన్న కోర్సు చెడ్డదని అనను, కొన్న వేళ తప్పంటాను. ఆరంభాల కోర్సులు బాగా అమ్ముడుపోతాయి, ఎందుకంటే అవి చదివితే ఏదో చేతికి వచ్చినట్టే ఉంటుంది. నేర్చుకోవలసిన వరుస దాదాపు దానికి తలకిందులు. ముందు నియమాలను మళ్లీ ఒకసారి సరిచూసుకోండి, ఎందుకంటే మన ఇళ్లలో ఆడే ఆటలో చాలాచోట్ల బంటు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే కదులుతుంది, క్యాస్లింగ్‌కు (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడానికి) బదులు రాజుకు ఒకసారి గుర్రంలా దూకే వీలుంటుంది. అంతర్జాతీయ ఆటలో ఈ రెండూ వేరు. ఆ తరువాత ఒక ఎత్తులో, రెండెత్తుల్లో ఆటకట్టు చేసే చిక్కుముడులు, ఒకే పావుతో రెండింటిని బెదిరించడం, రాజు ముందున్న పావును కదలనివ్వకుండా కట్టిపడేయడం నేర్చుకోవాలి. తప్పిన ప్రశ్నను త్వరగా, సరిగా చెప్పినదాన్ని రోజులు గడిచాక మళ్లీ అడిగే పద్ధతి కొన్ని కోర్సుల్లో ఉంటుంది. అది ఈ చిక్కుముడులకు ఉపయోగపడినంతగా ఆరంభాల వల్లెవేతకు ఉపయోగపడదని నా అభిప్రాయం.

దీనికి డబ్బు ఖర్చు చేయనక్కరలేదు. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన తిబో ద్యుప్లెసీ ప్రారంభించిన లీచెస్ అనే చదరంగం వెబ్‌సైటులో పాఠాలు, చిక్కుముడులు, ఆడిన ఆటను విశ్లేషించే సదుపాయం అన్నీ ఉచితం. ప్రకటనలు కూడా ఉండవు, విరాళాలతో నడుస్తుంది. అక్కడ కొత్తవారికి తాత్కాలిక రేటింగు (ఆట స్థాయిని చూపే అంకె) 1500తో మొదలవుతుంది కనుక మొదటి ఆటల్లో అది జారిపోతుంటే బెంగపడకండి. మూడు నిమిషాల ఆటల జోలికి పోవద్దు. ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్ల చొప్పున అదనంగా ఉండే ఆటను ఎంచుకోండి. హంపి గెలిచిన పోటీలోనూ గడియారం అదే. ఓడిన ప్రతి ఆటలో ఎక్కడ పోయిందో కంప్యూటరును అడిగే ముందు మీరే వెతికి ఒక నోటుపుస్తకంలో ఒక్క వాక్యం రాసుకోండి. నిన్నటి ఆటకు ఆ వాక్యం, 'మంత్రి ఎటు చూస్తోందో చూడలేదు' అని ఉండాలి.

ఇక వయసు మాట. గ్రాండ్‌మాస్టరు కావడానికి ఆలస్యమైందేమో గానీ, నాలుగెత్తుల్లో ఓడకుండా ఉండటానికి కాలేదు.

ప్రశ్న: ఏడాదిగా ఫోనులో పాఠాలు వింటూ, ఆడుతూ బాగానే గెలుస్తున్నాను. కళాశాల పోటీలో బల్ల ముందు కూర్చుంటే మాత్రం కళ్లెదుటి పావులను కూడా పోగొట్టుకుంటున్నాను. కారణం ఏమిటి?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: ఫోను మీకు తెలియకుండానే సాయం చేస్తోంది. పావును తాకగానే అది వెళ్లగల గడులను చుక్కలతో చూపుతుంది, ఎదుటివారి చివరి ఎత్తుకు రంగు వేస్తుంది, నియమవిరుద్ధమైన ఎత్తును వేయనివ్వదు. బల్ల మీద ఇవేవీ ఉండవు. పైగా తాకిన పావును కదపాలన్న నియమం ఉంటుంది. ముందు అమరికల్లోకి వెళ్లి ఆ చుక్కలను, రంగులను తీసేయండి. ఒక మామూలు బల్ల కొనుక్కొని, పాఠం వింటున్నప్పుడు ప్రతి ఎత్తునూ దాని మీద వేయండి. గురువు తరువాతి ఎత్తు చెప్పబోయే చోట వీడియో ఆపి, చేతులు ఒడిలో పెట్టుకొని మీ ఎత్తును కాగితం మీద రాసుకున్నాకే మళ్లీ నడిపించండి.