ప్రాచీన ఇశ్రాయేలీయులకు అన్యజాతి వివాహాలు ఎందుకు నిషిద్ధమయ్యాయి?

ఆ నిషేధానికి ధర్మశాస్త్రం (బైబిలు మొదటి ఐదు గ్రంథాలు) చెప్పే ప్రధాన కారణం జాతి కాదు, ఆరాధన: కనాను జనాంగాలతో వియ్యమందితే వారి దేవతల పూజ ఇంట్లోకి వచ్చి, తమ దేవుడైన యెహోవాతో చేసుకున్న నిబంధన (ఒడంబడిక) భంగమవుతుందని ఆ గ్రంథాల్లో ఒకటైన ద్వితీయోపదేశకాండం హెచ్చరిస్తుంది. ఇశ్రాయేలు రాజు సొలొమోను అన్యస్త్రీలైన తన భార్యల కోసం బలిపీఠాలు కట్టించడం, ఆ తరువాత రాజ్యం చీలిపోవడం ఈ భయానికి బలమిచ్చాయి.

బబులోనులో బందీలుగా గడిపిన చెర నుండి తిరిగివచ్చినవారు అదే తప్పు చేస్తున్నారని విన్న యాజకుడు, శాస్త్రి ఎజ్రా (సాధారణంగా చెప్పే కాలం క్రీ.పూ. 458) తన వస్త్రాలు చింపుకొని విలపించాడు, ప్రజలు తొమ్మిదవ నెల 20వ తేదీన, జోరువానలో వణుకుతూ, యెరూషలేము మందిరం ఎదుట కూడి పాపం ఒప్పుకొన్నారు. విచారణ మూడు నెలలు సాగింది. పశ్చాత్తాపమంటే ఇక్కడ కన్నీళ్లు మాత్రమే కాదు, ఆ భార్యలను పంపివేయడం కూడా; కొందరికి పిల్లలు కూడా ఉన్నారని గ్రంథమే చెబుతుంది కనుక, దీని కాఠిన్యాన్ని దాచలేం.

దీనిని కేవలం రక్తశుద్ధిగా భావించడం సాధారణ పొరపాటు. ఎజ్రా గ్రంథంలో 'పరిశుద్ధ సంతతి' అన్న మాట ఉండటం ఆ భావనకు తావిచ్చే మాట నిజమే, అయితే "నీ దేవుడే నా దేవుడు" అన్న మోయాబీయురాలు, అంటే అన్యజాతి స్త్రీ అయిన రూతు, ఇశ్రాయేలీయుడైన బోయజును పెండ్లాడి దావీదు వంశానికి మూలమాత అయింది.