రష్యన్‌లో "నేను" ఎప్పుడు రాయాలి?

అమ్మాయ్,

నువ్వు రష్యన్‌లో రాసిన కథ చదివాను. కథ బాగా నడిచింది. కానీ చాలా వాక్యాల్లో కర్త లేదు. మన తెలుగు అలవాటే అది. "వచ్చాను", "వచ్చావు" అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. రష్యన్ భూతకాలానికి ఆ వెసులుబాటు లేదు. "ప్రిష్లా" అంటే వచ్చింది ఆడమనిషి అని తెలుస్తుందే తప్ప, నేనా, నువ్వా, ఆమెనా అన్నది తెలియదు. మన "రాలేదు" తీసుకో. ఎవరు రాలేదు? నేనైనా కావచ్చు, వాళ్లైనా కావచ్చు. రష్యన్ భూతకాల క్రియలన్నీ ఈ "రాలేదు" లాంటివే.

పూర్వం ఈ రూపం పక్కన ఒక సహాయక క్రియ ఉండేది. నేనో నువ్వో అదే చెప్పేది. కాలక్రమేణా అది జారిపోయి, ఆ బరువు "యా" (నేను), "తి" (నువ్వు) అనే సర్వనామాల మీద పడింది. పోలిష్‌లో అదే సహాయక క్రియ అసలు క్రియకు ప్రత్యయంగా అతుక్కుపోయింది. అందుకే పోలిష్ వాళ్లు నేటికీ "నేను" లేకుండా హాయిగా రాస్తారు.

నీ మొదటి పేరా చూడు: "ప్రిష్లా దమోయ్. స్న్యాలా తూఫ్లి. లెగ్లా." ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, పడుకోవడం. రష్యన్ పాఠకుడికి ఇది డైరీలా వినిపిస్తుంది. నీ నాయిక డైరీ రాయడం లేదు కదా. "యా ప్రిష్లా దమోయ్, స్న్యాలా తూఫ్లి ఇ లెగ్లా" అని కలిపెయ్. ఒక వాక్యానికి ఒక్క "యా" సరిపోతుంది. తర్వాతి వాక్యంలో మళ్లీ రాయడానికి మొహమాటపడకు. మన చెవికి అది గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది, వాళ్లకు ఉండదు. "యా వ్రాచ్" లోనూ అంతే. మనం "డాక్టర్ని" అంటే ఆ "ని" లోనే నేను ఉన్నాను. "వ్రాచ్" లో అలాంటి గుర్తేమీ లేదు.

వర్తమానంలో క్రియ చివరే మనిషిని చెబుతుంది కాబట్టి, మాటల్లో "నే జ్నాయు" (తెలీదు), "పనిమాయు" (అర్థమవుతోంది) అని ఊరుకోవచ్చు. అయినా కథనంలో "యా" ఉంచడమే మామూలు.

ఇక అసలు సంగతి, మూడో పేజీ. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిన చోట "అనీ పజ్వనీలి" అని రాశావు. "అనీ" అంటే వాళ్లు. ఏ వాళ్లు? పాఠకుడు వెనక్కి వెళ్లి వెతుక్కుంటాడు. ఉత్త "పజ్వనీలి ఇజ్ బల్నీత్సి" అంటే ఎవరో చేశారు, ఎవరన్నది ముఖ్యం కాదు అని. తెలుగులో నువ్వే "ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు" అంటావు, "వాళ్లు" చేర్చవు. "గవర్యాత్" కూడా మన "అంటారు" లాంటిదే. దాని ముందు "అనీ" పెడితే పుకారు కాస్తా ఫలానావాళ్ల మాట అయిపోతుంది. ఇక్కడ సర్వనామం తీసేయడం పొదుపు కోసం కాదు, అర్థమే మారిపోతుంది. కథ రాసేవాళ్లకు ఇంత పనికొచ్చే వ్యాకరణం తక్కువ.

మరొకటి. మనవడు నానమ్మ ఎదుటే ఆమెను "అనా" (ఆమె) అన్నాడు. పెద్దవాళ్లు వింటుండగా అలా అనడం రష్యన్లకు మర్యాదగా తోచదు. "బాబుష్కా" (నానమ్మ) అనిపించు.

సంభాషణల్లో మిగతావేవీ కదపకు. "తి చితాలా?" (నువ్వు చదివావా?) అంటే "చితాలా" (చదివాను) అని జవాబిప్పించావు. ఎవరి సంగతో ప్రశ్నలోనే తేలిపోయింది కనుక భూతకాలమైనా అక్కడ "యా" అక్కర్లేదు.