టీనేజ్ పిల్లల్ని భాష కోసం విదేశం పంపితే నిజంగా లాభం ఉంటుందా?

మీ అబ్బాయికి పదిహేనేళ్లనీ, రెండేళ్లుగా జర్మన్ క్లాసులకి వెళ్తున్నాడనీ రాశారు. మూడు వారాల సమ్మర్ కోర్సుకి పంపాలా, అక్కడే ఒక కుటుంబంతో ఉంటూ ఏడాది స్కూలుకి వెళ్లే ఎక్స్చేంజ్ ప్రోగ్రామ్‌లో చేర్చాలా, అసలు ఇంత ఖర్చుకి తగ్గ ఫలితం ఉంటుందా అన్నది మీ సందేహం. నేను పదహారో ఏట అలాంటి ప్రోగ్రామ్‌లోనే జర్మనీలో పది నెలలు ఉండి వచ్చాను. అందుకని ధైర్యంగా జవాబు రాస్తున్నాను.

ఫలితం ఉంటుంది. అయితే విమానం ఎక్కినంత మాత్రాన రాదు. రోజులో ఎన్ని గంటలు ఆ భాష తప్ప వేరే గతి లేకుండా గడుపుతాడో, అంత వస్తుంది. ఈ సంగతి తెలియక మొదటి మూడు నెలలు నేను చేజేతులా పాడుచేసుకున్నాను.

మా స్కూల్లో నాలాగే ఇంకో దేశం నుంచి వచ్చిన స్టూడెంట్ ఉండేది. ఇద్దరికీ ఇంగ్లిష్ వచ్చు, ఇద్దరికీ బెంగే, ఇద్దరికీ జర్మన్ పిల్లల మాటల వేగం అందేది కాదు. ఇంకేముంది, బ్రేక్‌లో ఇద్దరం ఒక మూల చేరేవాళ్లం. హోస్ట్ ఫ్యామిలీ వాళ్లు చదువుకున్నవాళ్లు, నేను ఒక్క క్షణం తడబడగానే జాలిపడి ఇంగ్లిష్‌లోకి మారిపోయేవాళ్లు. రాత్రి గదిలోకి వెళ్లాక ఇంటికి ఫోన్, గంట, గంటన్నర. ఒకరోజు బుద్ధిగా కూర్చుని లెక్క వేసుకుంటే, నేను నోరు తెరిచి జర్మన్ మాట్లాడింది రోజుకి అరగంట కూడా లేదు. మన ఊళ్లో క్లాసుకి వెళ్లినా అంతకంటే ఎక్కువ మాట్లాడేదాన్నేమో.

ఇది నా ఒక్కదాని కథ కాదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఫ్రీడ్, సెగలోవిట్జ్, డ్యూయీ అనే ముగ్గురు 2004లో ఒక పరిశోధన ప్రచురించారు. ఫ్రెంచ్ నేర్చుకుంటున్న అమెరికన్ కాలేజీ విద్యార్థుల్ని మూడు గుంపులుగా చూశారు: మామూలు క్లాసులకి వెళ్లేవాళ్లు, ఫ్రాన్స్ వెళ్లినవాళ్లు, సొంత దేశంలోనే వేసవిలో పూర్తిగా ఫ్రెంచ్‌లోనే గడిపే కోర్సులో చేరినవాళ్లు. మాటలో ధార ఎక్కువగా పెరిగింది ఫ్రాన్స్ వెళ్లినవాళ్లకి కాదు, ఆ వేసవి కోర్సు వాళ్లకి! ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్లు క్లాసు బయట ఫ్రెంచ్ కంటే ఇంగ్లిషే ఎక్కువ వాడారు మరి. చదివినప్పుడు నవ్వొచ్చింది, ఆ మూలన నిలబడ్డ నేనే గుర్తొచ్చాను.

నాలుగో నెలలో నా ఇల్లు మారింది. మొదటి ఇంటివాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్ల పనివేళల వల్ల వారంలో నాలుగు రోజులు సాయంత్రాలు ఇంట్లో నేనొక్కదాన్నే ఉండేదాన్ని. ప్రోగ్రామ్ నడిపే సంస్థకి ఇంగ్లిష్‌లో రెండు మెయిళ్లు రాశాను, జవాబు లేదు. కోపమొచ్చి మూడోది జర్మన్‌లో, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుని రాశాను. వారంలో జవాబొచ్చింది. నేను జర్మన్‌లో రాసిన మొదటి పెద్ద ఉత్తరం ఫిర్యాదు అన్నమాట. కడుపు మండితే భాష ఎంత త్వరగా వస్తుందో ఆ రెండు రాత్రుల్లో తెలిసింది.

కొత్త ఇంట్లో పెద్దవాళ్లకి ఇంగ్లిష్ అంతంతమాత్రం. పైగా ఆరేళ్ల పిల్లాడు ఒకడు. నాకు దొరికిన గురువుల్లో వాడే గొప్ప గురువు. పెద్దవాళ్లు మర్యాదకి నా తప్పులు వినీ విననట్టు ఊరుకునేవాళ్లు. వాడికా మొహమాటం లేదు. "అలా అనరు" అనేవాడు, అంతే. ఎందుకు అనరో వాడికీ తెలీదు. ఒకే వాక్యాన్ని పదిసార్లు చెప్పమన్నా విసుక్కోకుండా చెప్పేవాడు, ఎందుకంటే ఆరేళ్లవాళ్లకి ఒకే మాట పదిసార్లు చెప్పడం ఆట. మేమిద్దరం రోజూ ఆడే బోర్డు గేమ్ పేరు 'మెన్ష్ ఎర్గెరె డిష్ నిష్ట్', అంటే 'మనిషీ, ఉడుక్కోకు' అని. మన పచ్చీసు నుంచి పుట్టిన ఆటే. పావు ఇంటికి వెళ్లిపోయినప్పుడు ఏడ్చి, దెబ్బలాడి, మళ్లీ మొదలుపెట్టి ఆడేవాళ్లం. 'నా వంతు', 'మోసం', 'ఇంకొక్కసారి', 'నువ్వే ముందు మొదలుపెట్టావు' లాంటి మాటలు ఏ క్లాసులోనూ ఎవరూ నేర్పలేదు. కానీ మనుషులు నిజంగా వాడేవి ఆ మాటలే.

ఇక టీనేజ్ సంగతి. పిల్లల్ని పంపేటప్పుడు తల్లిదండ్రులు తిండి గురించి, చలి గురించి భయపడతారు. అవి వారం రోజుల్లో సర్దుకుంటాయి. అసలు కష్టం వేరే. ఇంట్లో నేను నోరున్న పిల్లని. నలుగుర్నీ నవ్వించడం నా పని. అక్కడికి వెళ్లగానే మూడొందల మాటలున్న మనిషినైపోయాను. ఎవరో జోక్ వేస్తారు, నాకు అర్థమయ్యేసరికి అందరూ నవ్వేసి వేరే విషయంలోకి వెళ్లిపోతారు. క్లాసులో నన్ను అమాయకురాలు, నెమ్మదస్తురాలు అనుకున్నారు. పదహారేళ్ల వయసులో నన్ను నేను ఎవరినని అనుకుంటున్నానో, ఎదుటివాళ్లకి ఎవరిలా కనిపిస్తున్నానో ఆ రెంటికీ మధ్య అంత దూరం భరించడం మాటలు కాదు. గడుగ్గాయి పిల్లలే అక్కడ ఎక్కువ నలిగిపోతారని నా అభిప్రాయం. నెమ్మదైన పిల్లలు మామూలుగా ఉన్నట్టే ఉంటారు.

అయితే భాష నేర్పేది కూడా ఆ ఉక్రోషమే. పెద్దవాళ్లు పని జరిగితే చాలనుకుంటారు. టికెట్ కొనడం, దారి అడగడం వస్తే అక్కడ ఆగిపోతారు. టీనేజ్ పిల్లలకి అది చాలదు. వాళ్లకి గుంపులో ఒకరు కావాలి, జోక్ వేయాలి, వెటకారం చేయాలి, అలగాలి. అందుకు కావలసిన భాష చాలా సన్నని భాష. ఉదాహరణకి జర్మన్‌లో 'మాల్', 'డొఖ్' అని చిన్న చిన్న మాటలుంటాయి, డిక్షనరీలో చూస్తే అర్థం తేలదు. 'కొమ్' అంటే 'రా'. 'కొమ్ మాల్' అంటే 'ఓసారి ఇట్రా'. 'కొమ్ డొఖ్' అంటే 'రారాదూ, ఏం బెట్టు'. మన 'లే', 'గా', 'మరి', 'కదా' లాంటివే. రెండేళ్లు క్లాసులో చదివి నేను 'కొమ్' మాత్రమే నేర్చుకున్నాను. అందుకే నేనేం మాట్లాడినా ఆర్డర్ వేసినట్టు వినపడేదట, అక్కడి ఫ్రెండ్ ఒకమ్మాయి చివర్లో చెప్పింది. ఈ చిన్న మాటలు నాకు ఐదో నెల ప్రాంతంలో వాటంతటవే నోట్లోకి వచ్చాయి. ఏ రోజు వచ్చాయో చెప్పలేను. ఆ భాషలో కలలు వస్తాయని చాలామంది చెబుతారు కానీ నాకు ఒక్క కల కూడా రాలేదు. నాకు గుర్తున్నదల్లా ఒకరోజు లంచ్‌లో నేనేదో అంటే ఎదురుగా ఉన్న ముగ్గురూ నవ్వారు, అదీ నేను నవ్వించాలనుకున్న చోటే.

వయసు గురించి ఒక మాట. భాషలు చిన్నపిల్లలకే వస్తాయి, పదిహేనేళ్లంటే ఆలస్యమైపోయింది అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. 1978లో స్నో, హోఫ్నాగెల్-హోలె అనే పరిశోధకులు నెదర్లాండ్స్‌లో ఉంటూ డచ్ నేర్చుకుంటున్న ఇంగ్లిష్ మాతృభాష వాళ్లని ఏడాది పాటు గమనించారు. మొదటి నెలల్లో అందరికంటే వేగంగా నేర్చుకున్నది పన్నెండు నుంచి పదిహేనేళ్ల వాళ్లూ, పెద్దవాళ్లూనూ. ఏడాది చివరికి ముందున్నవాళ్లలో మళ్లీ ఆ పన్నెండు-పదిహేను గుంపే ఉంది. 2018లో దాదాపు 6.7 లక్షల మంది ఆన్‌లైన్‌లో రాసిన ఇంగ్లిష్ వ్యాకరణ పరీక్షని విశ్లేషించిన ఇంకో అధ్యయనంలో, వ్యాకరణం పట్టుకునే శక్తి దాదాపు పదిహేడేళ్ల దాకా తగ్గదని తేల్చారు. మీవాడికి టైమ్ ఉంది.

స్కూలు గురించి కూడా చెప్పాలి. జర్మన్ స్కూళ్లలో రాత పరీక్షలతో పాటు క్లాసులో నోరు విప్పి మాట్లాడినందుకూ మార్కులుంటాయి. మూలన దాక్కోవడం కుదరదు. మర్యాద వాచకాలు మనకి తేలిక. నువ్వు-మీరు తేడా లాంటిదే వాళ్ల డూ-జీ తేడా. ఇంగ్లిష్ మాత్రమే వచ్చిన పిల్లలు దీంతో తంటాలు పడుతుంటే నాకు మొదటిరోజే అర్థమైంది. 'జీ' అన్న మాట మర్యాదకే కావడం ఇంకా కలిసొచ్చింది! ఉపవాక్యాల్లో క్రియ చివర రావడం కూడా మనకి అలవాటే, వాక్యం అయ్యేదాకా ఓపిగ్గా వింటాం. టైమ్ చెప్పడంలో మాత్రం బోల్తా పడ్డాను. 'హాల్ప్ డ్రై' అంటే సగం-మూడు. నేను మూడున్నర అనుకుని వెళ్లాను. వాళ్ల లెక్కలో అది మూడో గంటలో సగం, అంటే రెండున్నర. గంట ఆలస్యంగా వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆ మాట మర్చిపోలేదు. అలా పరువు పోగొట్టుకుని నేర్చుకున్న మాటలు నా దగ్గర ఓ యాభై దాకా ఉంటాయి.

రానివి కూడా చెప్తాను, లేకపోతే ఏజెంట్ బ్రోషర్‌లా ఉంటుంది. రాయడం అంతగా రాలేదు. డేర్, డీ, డాస్ అని నామవాచకాలకి లింగాన్ని బట్టి ముందు వచ్చే మాటలు ఇప్పటికీ తప్పుతాను. కారణం తేలికే: తప్పు చెప్పినా ఎదుటివాళ్లకి అర్థమైపోతుంది, కాబట్టి సరిచేసుకోవాల్సిన అవసరం పడదు. ఆ ఆరేళ్ల గురువు కూడా కొన్నాళ్లకి అలవాటుపడిపోయి దిద్దడం మానేశాడు. కెనడాలో 1965 నుంచి కొన్ని స్కూళ్లలో ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్ల పిల్లలకి పాఠాలు ఫ్రెంచ్‌లో చెప్పే పద్ధతి ఉంది. అక్కడ ఏళ్లతరబడి చదివిన పిల్లలు కూడా విన్నదంతా అర్థం చేసుకుంటారు గానీ మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు వ్యాకరణంలో తడబడతారని మెరిల్ స్వెయిన్ అనే భాషా పరిశోధకురాలు చూపించారు. తిరిగొచ్చాక నేను ఆరు నెలలు ఒక టీచర్ దగ్గర వ్యాకరణం చదివాను. వెళ్లకముందు తలనొప్పిగా ఉన్న అవే పాఠాలు ఈసారి చకచకా ఎక్కాయి, వాక్యాలన్నీ ముందే చెవిలో ఉన్నాయి కదా.

అందుకే వెళ్లేముందు కనీసం ఎ2 స్థాయి (రోజువారీ చిన్న చిన్న మాటలు వచ్చేంత), కుదిరితే దాని పై మెట్టు బి1 పూర్తి చేయించండి. ఏమీ రాకుండా వెళ్తే మొదటి నెలలు వట్టి శబ్దమే వినిపిస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్న, మూడు వారాలా, ఏడాదా. చదువు దెబ్బతినకుండా కుదిరితే ఏడాదికే నా ఓటు, కుదరకపోతే కనీసం ఐదారు నెలలు. అమెరికా విదేశాంగ శాఖే తన దౌత్యవేత్తలకి జర్మన్ నేర్పడానికి పూర్తి సమయం క్లాసులతో సుమారు 36 వారాలు పెట్టుకుంటుంది. మూడు వారాల్లో భయం పోతుంది, చెవి కాస్త తెరుచుకుంటుంది. అదీ మంచిదే, కానీ భాష వచ్చేస్తుందని ఆశపడొద్దు. సమ్మర్ కోర్సే ఖాయమైతే హాస్టల్‌లో మనవాళ్ల గుంపుతో కాకుండా ఒక్కణ్నే ఏదైనా కుటుంబంతో ఉంచే కోర్సు చూడండి. ఏ ప్రోగ్రామ్ అయినా డబ్బు కట్టేముందు మూడు విషయాలు అడగండి: ఆ ఇంట్లో పిల్లలున్నారా, అదే స్కూల్లో మన భాషవాళ్లు ఎంతమంది ఉంటారు, ఇల్లు నచ్చకపోతే ఎన్ని రోజుల్లో మారుస్తారు. మూడోదానికి జవాబు కాగితం మీద తీసుకోండి.

ఫోన్ విషయం మీ చేతుల్లోనే ఉంది. నాలుగో నెల నుంచి మా అమ్మ ఆదివారం మాత్రమే, అదీ అరగంటే మాట్లాడేది. మొదటి రెండు వారాలు ఆవిడకీ నాకూ ఏడుపే. అప్పుడు ఆవిడ మీద కోపంగా ఉండేది, ఆ కోపంలోనే కిందకి దిగి వంటింట్లో హోస్ట్ మదర్ దగ్గర కూర్చుని వచ్చీరాని జర్మన్‌లో మా అమ్మ మీద చాడీలు చెప్పేదాన్ని.