ఇంటి దగ్గర బాగా దూకే గుర్రం షోలో ఎందుకు డీలా పడుతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఎనిమిదేళ్ళ ఆడగుర్రం, భీమిలి వైపు శాలలో ఉంటుంది, అక్కడ 90 సెంటీమీటర్లు హాయిగా దూకుతుంది. వచ్చే నెల శని, ఆదివారాల్లో విశాఖలో జరిగే షోలో 80 సెంటీమీటర్ల జంపింగ్‌కి పేరిచ్చారు. కొత్తచోట చెమటలు కక్కుతుంది, నీళ్ళు ముట్టదు. ఎలా సిద్ధం చేయాలి?

80 ఎత్తు మీ గుర్రానికి లెక్కలోది కాదు. మన ఊళ్ళో గుర్రాన్ని ఓడించేది ఉక్కపోత. సగం ఓపిక, సగం నీళ్ళు బయటే పోగొట్టుకుని రింగులో అడుగుపెట్టే గుర్రాలే ఎక్కువ. ప్రాణంలా చూసుకునే గుర్రాలకు ఈ బెడద ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే ముద్దు కొద్దీ ఆ రెండు రోజులూ దానికి అన్నీ కొత్తగా, అన్నీ ఎక్కువగా చేసేస్తాం. కొత్త జీను, కొత్త కళ్ళెం, బలానికని ఇంకో దోసెడు ఉలవలు. ఏదీ మార్చకండి. షో కోసం కొత్తది కొనాలనే ఉంటే మూడు వారాల ముందే కొని వాడటం మొదలుపెట్టండి.

నీళ్ళు ముట్టకపోవడం సాధారణంగా మొండితనం కాదు, వాసన తేడా. బోరు నీళ్ళు తాగి పెరిగిన గుర్రానికి క్లోరిన్ కలిసిన ట్యాంకరు నీళ్ళు మందులా అనిపిస్తాయి. పది రోజుల ముందు నుంచి శాలలోనే 15 లీటర్ల బకెట్లో ఉసిరికాయంత బెల్లం కరిగించి పెట్టండి, పక్కన మామూలు నీళ్ళ బకెట్ కూడా ఉంచండి. షోకి అవే బకెట్లు, అదే బెల్లం తీసుకెళ్ళండి. ఇంటి నీళ్ళు రెండు క్యాన్లు వేసుకెళ్తే మొదటి పూట గడిచిపోతుంది. దాణాలో రోజూ 30 గ్రాముల ఉప్పు, అంటే సుమారు రెండు టేబుల్ స్పూన్లు, మన వాతావరణంలో ఏడాది పొడవునా ఉండాల్సిందే. నీళ్ళు తాగని గుర్రం నోట్లో ఎలక్ట్రొలైట్ (లవణాల) పేస్టు మాత్రం కుక్కకండి. ఒంట్లో ఉన్న నీటినే అది పేగుల్లోకి లాగేస్తుంది.

చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, తేమ గాలిలో అది ఆరదు, కారిపోతుంది. దీనికి సులువైన లెక్క ఉంది. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రతకు తేమ శాతం కలపండి. 130 లోపు అయితే నిశ్చింత, 150 దాటితే జాగ్రత్త, 180 దాటితే ఎక్కకపోవడమే మంచిది. ఇక్కడ 32 డిగ్రీల సెల్సియస్, 75 శాతం తేమ మామూలు రోజే. అంటే 90, 75 కలిపి 165. అందుకే మీ పోటీ ఎన్ని గంటలకో ముందే అడిగి, శాలలో చివరి రెండు వారాలు అదే వేళకు స్వారీ చేయండి. రోజూ ఉదయం ఆరింటికి మాత్రమే ఎక్కి, పోటీనాడు పదకొండింటికి దూకమంటే అది పాపం.

కాగితాల పని నెల ముందే మొదలుపెట్టండి. గ్లాండర్స్ పరీక్ష రిపోర్టు అడుగుతారు. అది మనుషులకూ సోకే జబ్బు కాబట్టి దానిలో బతిమాలుడు పనికిరాదు. రక్తం ల్యాబుకి వెళ్ళి ఫలితం రావడానికి రోజులు పడుతుంది, డాక్టర్ని ముందే కలవండి. ఫ్లూ టీకా బాకీ ఉంటే షోకి చివరి వారంలో వేయించకండి. లాడాలు ఏడు నుంచి పది రోజుల ముందు కొట్టించాలి. మేకు కాస్త లోపలికి దిగితే ఆ కుంటు రెండు మూడు రోజులకు గానీ బయటపడదు. వానాకాలమైతే గిట్ట మెత్తబడి మేకులు వదులవుతాయి, గిట్ట అడుగు కుళ్ళి వాసన వస్తుంది. రోజూ శుభ్రంగా గీకించి ఆరనివ్వండి.

షో మైదానంలో మైకు, గాలికి టపటపలాడే షామియానా. సముద్రపు గాలి లేచాక ఆ చప్పుడు రెట్టింపవుతుంది. శాలలో పాత షామియానా గుడ్డ ఒకటి కంచెకు కట్టి వారం రోజులు దాని పక్కనే తిప్పండి.

బండిలో తల మరీ పొట్టిగా కట్టొద్దు. తల దించి తుమ్మలేకపోతే దుమ్మంతా ఊపిరితిత్తుల్లో దిగుతుంది. తెల్లవారక ముందే బయల్దేరితే ట్రాఫిక్కూ ఉండదు, ఎండా ఉండదు. వీలైతే శుక్రవారం సాయంత్రానికే చేర్చి, మైదానమంతా చేత్తో పట్టుకుని నడిపించండి. ఆ రోజు పని ఉండదు కాబట్టి దాణా సగానికి తగ్గించి గడ్డి పెంచండి. విశ్రాంతి రోజు నిండా దాణా తిని మర్నాడు దౌడు తీస్తే కండరాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. పోటీనాడు దాణా, స్వారీకి మూడు నాలుగు గంటల ముందు అయిపోవాలి. కానీ ఖాళీ కడుపుతో ఎక్కకండి, గంట ముందు ఓ చేతెడు గడ్డి వేస్తే కడుపులో ఆమ్లం పైకి చిమ్మదు.

పోటీకి ముందు కోర్సును, అంటే అడ్డులు పెట్టిన దారిని, మీరు కాలినడకన కొలుస్తారు. అప్పుడు మీ అంగ సరిగ్గా 3 అడుగులు పడేలా ముందే సాధన చేయండి. గుర్రం క్యాంటర్ (నెమ్మది దౌడు) స్ట్రైడ్, అంటే ఒక్క అంగ, సుమారు 12 అడుగులు, అంటే మీవి నాలుగు అంగలు. దిగడానికి రెండు అంగలు, లేవడానికి రెండు తీసేయండి. రెండు అడ్డుల మధ్య 20 అంగలు వస్తే 4 స్ట్రైడ్లు. మార్వారీ, కాఠియావాడీ గుర్రాల స్ట్రైడ్ కాస్త పొట్టి, శాలలో కొలిచి చూసుకోండి. రింగు గేటు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. గేటుకు దూరంగా వెళ్ళే అడ్డు ముందు గుర్రం వెనక్కి తగ్గుతుంది, గేటు వైపు వచ్చేటప్పుడు పరుగెత్తుతుంది. మొదటి అడ్డు గేటుకు దూరంగా పోయేదైతే మీ కాళ్ళు బాగా పని చేయాలి.

వార్మప్ దగ్గరే అందరూ చేతులు కాల్చుకుంటారు. ఒక్కో రౌండుకు రెండు నిమిషాల చొప్పున లెక్కేసి, మీ ముందు పదిహేను మంది ఉన్నప్పుడు ఎక్కండి. నడక పది నిమిషాలు, ట్రాట్ (దుడుకు నడక) ఐదు, క్యాంటర్ రెండు వైపులా కలిపి నాలుగు. దూకుడు మొత్తం ఆరు, మహా అయితే ఎనిమిది. క్రాస్ (అడ్డంగా దాటించి పెట్టిన కర్రలు) రెండు, నిటారు అడ్డు రెండు, ఆక్సర్ (వెడల్పు అడ్డు) రెండు, అంతే. అడ్డు పక్కన ఉండే ఎర్ర జెండా ఎప్పుడూ మీ కుడి వైపున ఉండాలి. గుర్రం పొట్ట ఉబ్బించి మోసం చేస్తుంది కాబట్టి, ఎక్కిన ఐదు నిమిషాలకు నడుం పట్టీ మళ్ళీ బిగించండి. తప్పు దూకిందని పదోసారి, పదకొండోసారి తిప్పడం మొదలుపెట్టారా, ఆ దూకుడు రింగులో తక్కువైనట్టే.

బెల్లు మోగాక 45 సెకన్ల వ్యవధి ఉంటుంది, తొందరపడక్కర్లేదు. బెల్లు ముందే స్టార్ట్ గీత దాటితే ఎలిమినేషన్. కర్ర పడితే 4 తప్పు పాయింట్లు, గుర్రం దూకకుండా మొరాయిస్తే 4. రెండో మొరాయింపుకే బయటికి పంపుతారా, మూడోదాకా ఆగుతారా అన్నది ఆ షో షెడ్యూల్లో చూసుకోండి. మొరాయించిన వెంటనే పెద్ద చుట్టు తిరగకుండా ఐదారు స్ట్రైడ్లు వెనక్కి తెచ్చి నేరుగా తీసుకురండి.

బయటికి రాగానే పట్టీ వదులు చేసి, నీడలో ఒళ్ళంతా నీళ్ళు ఆపకుండా పోస్తూ నడిపించండి. చన్నీళ్ళకు కండరాలు పట్టేస్తాయన్నది ఉత్త భయం. పది నిమిషాలకు నాడి నిమిషానికి 60 కిందికి రావాలి. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి దిగకపోతే డాక్టర్ని పిలవండి.

నొప్పులకని మనం వాడే బామ్ దాని కాళ్ళకు రాయకండి. కొన్నింట్లో మిరపకాయ ఘాటు క్యాప్సైసిన్ ఉంటుంది. అది పోటీల్లో నిషిద్ధం, 2008 ఒలింపిక్స్‌లో గుర్రాలు డోపింగ్ పరీక్షలో దొరికిపోయింది దానితోనే. అలాంటి నిషిద్ధ పదార్థాలున్న టీ, చాక్లెట్ కూడా దగ్గరికి రానివ్వొద్దు.

ఆదివారం పొద్దున్న జీను వేయకముందే గట్టి నేల మీద చేత్తో ట్రాట్ చేయించి చూడండి. ముందుకాలు ఆనినప్పుడు తల పైకి లేస్తోందంటే ఆ కాలు నొప్పిగా ఉన్నట్టు. పేరు కొట్టేయించి బండి ఎక్కించేయండి.