వెనుక స్ప్రాకెట్ ఒక్కటే మార్చవద్దు

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ స్ప్లెండర్ బండి వెనుక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లు అరిగాయని, అదొక్కటే మారిస్తే సరిపోతుందని మెకానిక్ అన్నాడని రాశావు. ఖర్చు తగ్గిందని అప్పుడే సంతోషించకు. చైన్ లింకుల్లోని పిన్నులు, బుష్‌లు అరిగేకొద్దీ లింకుల మధ్య దూరం పెరిగి, చైన్ పళ్ల మొదట్లో కుదురుగా కూర్చోలేక పైకెక్కి లాగుతుంది. పళ్లు ఒక పక్కకు అరిగి కొక్కేల్లా తయారయ్యేది చాలావరకు అందువల్లనే. ఆ పాత చైన్‌నే కొత్త స్ప్రాకెట్ మీద వేస్తే అదీ త్వరలోనే అదే రూపానికి వస్తుంది. కనుక ఇంజన్ స్ప్రాకెట్, వెనుక స్ప్రాకెట్, చైన్ మూడూ కలిసిన సెట్టే కొను. పళ్ల సంఖ్య మార్చవద్దు. వెనుక పళ్లు పెరిగితే లాగుడు బాగుంటుంది గానీ అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరగవలసి వస్తుంది.

పని జరిగేటప్పుడు దగ్గరే నిలబడు. చైన్ విప్పకముందే ఒకరు వెనుక బ్రేకు తొక్కి పట్టగా ఇంజన్ స్ప్రాకెట్ బోల్టులను వదులు చేయించాలి. చైన్ తీశాక ఆ స్ప్రాకెట్‌ను కదలకుండా పట్టడం కష్టం. చక్రం దించినప్పుడు హబ్‌లోని (చక్రం నడిమి భాగంలోని) రబ్బర్లు నలిగి ఉంటే వాటినీ మార్పించు. గేరు మార్చినప్పుడు వచ్చే కుదుపుకు చాలాసార్లు అవే కారణం, అయినా అడిగితే తప్ప ఎవరూ చూడరు. స్ప్రాకెట్ నట్లను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. చైన్ రెండు కొసలను కలిపే లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ నడిచే దిశకే ఉండాలి.

ఇలాంటి బళ్లకు చైన్ వదులు, అంటే మధ్యలో పైకీ కిందికీ ఆడే దూరం, సాధారణంగా 20 నుంచి 30 మి.మీ. ఉంటుంది, బండితో ఇచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ చైన్ ఎక్కడ బాగా బిగువుగా ఉందో అక్కడే కొలవాలి. చక్రానికి రెండు వైపులా ఉండే సర్దుబాటు గుర్తులు సమానంగా లేకపోతే చక్రం వంకరగా కూర్చుని పళ్ల పక్కలు అరుగుతాయి. నీ బండికి చైన్ పూర్తిగా కవర్‌లో దాగి ఉంటుంది కనుక కనిపించడం లేదని వదిలేయక, 500 కిలోమీటర్లకొకసారి, వానల్లో ఇంకా ముందుగానే, రబ్బరు మూత తీసి చూసి గేర్ ఆయిల్ వేయి. ఇంజన్ ఆపిన తరువాతే ఆ పని చేయి. నడుస్తున్న చైన్ దగ్గర గుడ్డ పట్టుకున్నవాళ్ల వేళ్లు నలిగిపోతాయి.

ఇంకొకటి, అరిగి సాగిన పాత చైన్ కంటే కొత్తది పొట్టిగా ఉంటుంది కనుక చక్రం ముందుకు జరిగి, వెనుక బ్రేకు రాడ్ వదులవుతుంది. షాపు నుంచి బండి తీసే ముందే ఆ రాడ్ నట్టు బిగింపించి, పెడల్ తొక్కి చూసుకో.

ఇట్లు,
మీ మామయ్య