‘చేయలేదు’: చేయకపోవడమా, చేతకాకపోవడమా?

సందేహం: స్పామ్ మెయిళ్లను వడగట్టే స్పామ్‌అసాసిన్‌కు కొత్త రూల్స్ తెచ్చే ఎస్‌ఏ-అప్‌డేట్ ప్రోగ్రామ్, పని ముగిశాక ఫలితంగా ఇచ్చే అంకెల కోడ్‌లకు ఆఫీసులో తెలుగు సందేశాలు రాస్తున్నాను. 1కీ 4కీ ‘ప్రోగ్రామ్ రూల్స్‌ను అప్‌డేట్ చేయలేదు’ అనే పెట్టాను. 1 వచ్చినా ఏదో పాడైందనుకుని రీఇన్‌స్టాల్ చేసేస్తున్నారు. ‘చేయబడలేదు’ అని మారిస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. కర్మణి ప్రయోగంతో తీరే చిక్కు కాదిది. ‘చేయలేదు’ చూడ్డానికి ఒకటే గానీ, అందులో రెండు రూపాలున్నాయి. ఒకటి జరగలేదని చెప్పే భూతకాల వ్యతిరేకం. దానికి కర్తతో పనిలేదు: నేను చేయలేదు, వాడు చేయలేదు, అవి చేయలేదు. రెండోది అశక్తిని చెప్పేది. అది కర్తను బట్టి మారుతుంది: చేయలేను, చేయలేడు, చేయలేవు. కర్త ‘ఆమె’ గానీ ‘అది’ గానీ అయితే మాత్రం ఇదీ ‘చేయలేదు’ అవుతుంది. ప్రోగ్రామ్ ‘అది’ కదా, అక్కడే మీ వాళ్లు తడబడ్డారు. ఎదురుగా మాట్లాడుకునేటప్పుడు సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది. తెర మీద ఒంటరిగా కనిపించే వాక్యానికి ఆ ఆసరా ఉండదు.

1 వచ్చిందంటే కొత్త రూల్స్ ఇంకా విడుదల కాలేదని. అది లోపమే కాదు కాబట్టి అక్కడ ‘చేయలేదు’ను వదిలేసి, ‘కొత్త రూల్స్ లేవు, ఉన్నవే తాజావి’ అనండి. 4, ఆపై అంకెలు నిజమైన లోపాలు. వాటికి ‘చేయలేకపోయింది’ సరైన మాట. ‘చేయజాలదు’ అన్నా సందిగ్ధం ఉండదు గానీ, శాసనం చదివినట్టుంటుంది. పైగా ఎప్పటికీ చేతకాదన్న అర్థం వస్తుంది.

కారణం కూడా చెప్పాలంటే వ్యతిరేక క్త్వార్థం (‘-అక’తో ముగిసే రూపం) చక్కగా పనికొస్తుంది: ‘డీఎన్‌ఎస్ రికార్డు దొరకక’, ‘మిర్రర్ నుంచి ఫైలు దిగక’, ‘జీపీజీ సంతకం సరిపోక అప్‌డేట్ ఆగిపోయింది’. (డీఎన్‌ఎస్ రికార్డు తాజా వెర్షన్ ఏదో చెప్పే నమోదు, మిర్రర్ రూల్స్ ఫైళ్ల నకళ్లుంచే సర్వర్, జీపీజీ సంతకం ఫైలు అసలుదేనని రుజువు చేసే డిజిటల్ ముద్ర.) ఏ కారణమో, జరిగేదంతా వివరంగా చూపే డీబగ్ స్విచ్‌తో నడిపితే తెలుస్తుంది. స్పామ్‌అసాసిన్ 3.4.2 కంటే పాత వెర్షన్ల సంగతి వేరు. అవి ఫైళ్లను సరిచూసుకునే ఎస్‌హెచ్‌ఏ-1 సంతకాలు 2020 మార్చి 1 నుంచి ఆగిపోయాయి కాబట్టి, వాటికి ‘ఈ వెర్షన్‌కు ఇక కొత్త రూల్స్ రావు, అప్‌గ్రేడ్ చేయండి’ అనే చెప్పాలి.

2 వస్తే లోపం మీ సైట్ ప్రీ ఫైళ్లలో (.pre అనే సెట్టింగుల ఫైళ్లలో) ఉన్నట్టు. అవి రాతలో తప్పులు వెతికే లింట్ పరీక్షలో తప్పడంతో అప్‌డేట్ ప్రయత్నమే జరగదు. 3 అంటే ఒక ఛానల్ (రూల్స్ వచ్చే మూలం) అప్‌డేట్ అయింది, మరొకటి కాలేదు.

0 దగ్గర కూడా ‘అప్‌డేట్ అయింది’ అని ఊరుకోకండి. రూల్స్ డిస్క్ మీదికి చేరాయంతే. వెనక ఎప్పుడూ నడుస్తూ మెయిళ్లను పరీక్షించే స్పామ్‌డీని రీస్టార్ట్ చేసేదాకా పాతవే నడుస్తాయి. ‘కొత్త రూల్స్ దిగాయి, అమల్లోకి రావాలంటే స్పామ్‌డీని రీస్టార్ట్ చేయండి’ అని రాయండి. 3కు కూడా ఈ మాట జోడించండి. వేళకు పనులు నడిపే క్రాన్‌లో రెండు యాంపర్‌శాండ్‌లతో (&&) రీస్టార్ట్‌ను తగిలిస్తే 0 వచ్చినప్పుడే అది జరుగుతుంది. 3 వస్తే దిగిన రూల్స్ కూడా వాడకంలోకి రాకుండా ఉండిపోతాయి.