ఇంటికి తాళం వేస్తానంటున్న యజమాని: అద్దెదారు ఏం చేయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడేళ్లుగా ఒక ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. పదకొండు నెలలకు రాసుకున్న ఒప్పందం ఎప్పుడో ముగిసింది, కొత్తది రాసుకోలేదు. నెలకు 14,000 రూపాయల అద్దె యజమాని బ్యాంకు ఖాతాలో తప్పకుండా వేస్తున్నాం. కొడుక్కి ఇల్లు కావాలి, నెలాఖరుకు ఖాళీ చేయండని ఆయన నోటిమాటగా చెప్పారు. చేయకపోతే కరెంటు, నీళ్లు ఆపి తాళం వేస్తానంటున్నారు. ఒప్పందం లేదు కాబట్టి మాకు ఏ హక్కూ లేదట. పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఆగమన్నా వినడం లేదు. ఆయన నిజంగా అలా చేయవచ్చా? - ఒక పాఠకురాలు

జవాబు: చేయకూడదమ్మా. ఇల్లు తిరిగి కోరే హక్కు ఆయనకు ఉంది. కానీ మీరు ఖాళీ చేయకపోతే ఆ హక్కును కోర్టు ద్వారానే సాధించుకోవాలి. ఈ రెండు మాటలనూ కలిపి గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మొదటిది మరిచిపోయి నష్టపోయే అద్దెదారులు కూడా ఎక్కువే.

ఒప్పందం ముగిసినంత మాత్రాన మీరు ఆక్రమణదారులు అయిపోరు. గడువు దాటాక కూడా ఆయన అద్దె తీసుకుంటూ వచ్చారు. అందువల్ల 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 116 ప్రకారం మీ అద్దె నెలనెలా కొనసాగుతున్నట్లే లెక్క. దాన్ని రద్దు చేయాలంటే సెక్షన్ 106 కింద, సంతకం చేసిన రాతపూర్వక నోటీసు 15 రోజుల గడువుతో ఇవ్వాలి. ఆ గడువు నోటీసు మీకు అందిన రోజు నుంచి మొదలవుతుంది. నోటిమాటకు ఆ విలువ లేదు. నోటీసు వస్తే మాత్రం తీసుకోండి. తిప్పి పంపినా అది అందినట్లే కోర్టులు సాధారణంగా భావిస్తాయి. మీకు మిగిలేది జవాబు ఇవ్వలేదన్న చెడ్డపేరే.

పదిహేను రోజులు గడిస్తే మిమ్మల్ని బయటకు పంపవచ్చని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. నోటీసుతో అద్దె సంబంధం ముగుస్తుంది, ఇల్లు స్వాధీనం కావాలంటే సివిల్ కోర్టులో దావా వేయాలి. డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) వచ్చాక కూడా ఆయన స్వయంగా వచ్చి సామాను బయట పెట్టకూడదు. అమలు పిటిషన్ వేస్తే కోర్టు ఉత్తర్వులు అమలుచేసే ఉద్యోగి అయిన అమీను వచ్చి స్వాధీనం ఇప్పిస్తాడు, అవసరమైతే పోలీసు సాయం కూడా కోర్టే ఇస్తుంది. కోర్టు ఉత్తర్వు లేకుండా మిమ్మల్ని ఖాళీ చేయించే అధికారం పోలీసులకు లేదు. స్టేషన్‌కు పిలిచి సంతకం పెట్టమంటే పెట్టకండి. స్థిరమైన స్వాధీనంలో ఉన్న వ్యక్తిని, అతనికి అక్కడ ఉండే హక్కు లేదని అనుకున్నా సరే, యజమాని చట్టబద్ధ మార్గంలో తప్ప వెళ్లగొట్టరాదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో స్పష్టంగా చెప్పింది.

అద్దె నియంత్రణ చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. తెలంగాణలో అమల్లో ఉన్న 1960 నాటి చట్టం కింద, నిజమైన సొంత అవసరం, అద్దె ఎగవేత వంటి నిర్దిష్ట కారణాన్ని యజమాని నిరూపించాలి. కానీ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్లకు అది వర్తించదు. మీ ఇల్లు దాని బయటే ఉంది. కాబట్టి కొడుకు నిజంగా వస్తున్నాడా లేదా అని వాదించి లాభం లేదు. సరైన నోటీసు ఇస్తే చాలు, ఆయన కారణం చూపనక్కరలేదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. అద్దె ఒక్క నెల కూడా ఆపవద్దు. గొడవ మొదలవగానే కోపంతో అద్దె ఆపేయడం నేను తరచూ చూసే పొరపాటు, దానితో మంచి కేసు కూడా చెడిపోతుంది. ఆయన ఖాతా మూసేస్తే డీడీ తీసి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కరెంటు బిల్లులు, గ్యాస్ రసీదులు, పాత ఒప్పందం, బెదిరించిన సందేశాలు ఒకచోట పెట్టుకోండి. బెదిరింపు నిజమయ్యేలా ఉంటే ఆగకుండా సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) దావా వేసి, చట్టబద్ధ మార్గంలో తప్ప మిమ్మల్ని కదిలించకుండా, కరెంటు, నీళ్లు ఆపకుండా తాత్కాలిక ఉత్తర్వు కోరండి. అప్పటికే తాళం పడిపోతే 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం సెక్షన్ 6 ఉంది. వెళ్లగొట్టిన రోజు నుంచి ఆరు నెలల్లోగా దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నలోకి వెళ్లకుండానే కోర్టు స్వాధీనాన్ని తిరిగి ఇప్పించగలదు. ఆ ఆరు నెలలు దాటనివ్వకండి.

ఖర్చు గురించి భయపడవద్దు. 1987 నాటి న్యాయసేవల అధికార చట్టం కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు ఇవ్వండి.

అయినా, కోర్టు జాప్యాన్నే నమ్ముకుని ఏళ్ల తరబడి ఉండిపోవచ్చని మాత్రం అనుకోవద్దు. నోటీసు గడువు తర్వాత ఉన్న కాలానికి పాత అద్దె కాదు, ఆ ప్రాంతంలో మార్కెట్ అద్దెకు సమానమైన నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అద్దె సంబంధాన్నీ నోటీసు అందడాన్నీ మీరు ఒప్పుకుంటే, పూర్తి విచారణ లేకుండానే డిక్రీ ఇచ్చే వీలు కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. తొందరపడే యజమానులు ఈ దారి ఉందని తెలుసుకుంటే తాళాల జోలికి పోరు.

అందుకే మీ ఇద్దరికీ నేను సూచించేది లోక్ అదాలత్, అంటే రాజీతో వివాదం తేల్చే వేదిక. దావా వేయకముందే న్యాయసేవాధికార సంస్థ ద్వారా వెళ్లవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. పరీక్షలు ముగిసే తేదీని ఖాళీ చేసే తేదీగా రాయించండి, అప్పటిదాకా అద్దె ఎంతో, అడ్వాన్సు ఏ రోజు తిరిగి ఇస్తారో కూడా అందులోనే రాయించండి. ఆ రాజీ మీద లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు (తీర్పు) కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. ఆయనకు ఇల్లు ఎప్పుడు దక్కుతుందో ఖాయమవుతుంది, మీరు గడువు పాటించకపోతే ఆయన నేరుగా అమలు పిటిషనే వేసుకోవచ్చు.